కావ్యకంఠ గణపతిముని: కామ్యోపాసన నుండి నిత్యోపాసన వఱకు

కర్మలు నిత్యములు, నైమిత్తికములు, కామ్యములు అని మూడు విధములుగా మీమాంసకులు విభజించిరి. కామ్యకర్మ ఫలమును కోరి చేయబడునది. కావున అది సర్వాంగోపేతముగా జరిగిననే ఫలించును. ఒక్క అంగము లోపించినను ఫలము సందిగ్ధమగును. నిత్యకర్మ అట్టిది కాదు. అది జీవించియున్నంత కాలము చేయదగినది. కర్త తన శక్తికొలది చేసినను చేసినట్లే యగును. ఈ భేదము అగ్నిహోత్రాదులకు మాత్రమే పరిమితమని తలంపరాదు. ప్రతిదినము ఆసనముపై కూర్చుండి మంత్రమునో, దేవతారూపమునో, ఆత్మతత్త్వమునో ధ్యానించువానికి కూడ ఇది వర్తించును. ఫలమును కోరి కూర్చుండినవాడు ఫలము కానరానిచో లేచిపోవును. నిత్యవిధి యని కూర్చుండినవాడు లేవవలసిన పని లేదు.

నిత్యధ్యానము వలన ప్రయోజన మేమి యని అడుగువారు నేడు పెక్కుమంది కలరు. దేహారోగ్యము, ఏకాగ్రత, చిత్తశాంతి యని వారికి సమాధానము చెప్పబడుచున్నది. ఈ సమాధానము అసత్యము కాదు గాని అసంపూర్ణము. కోరిన ఫలము ఒకటి, సాధన ఒసగు ఫలము మఱియొకటి కావచ్చును. ఈ సంగతిని కావ్యకంఠ గణపతిముని జీవితము తెలిపినంత స్పష్టముగా ఇటీవలి ఆంధ్రపండితులలో మఱెవరి జీవితమును తెలుపదు. ఆయన మహాపండితుడు, ఆశుకవి, మంత్రోపాసకుడు. కోరిక లేక జపము చేసినవాడు కాడు. కోరికతోనే ఆరంభించి, ఆ కోరికను కడవఱకు విడువజాలక, అయినను ఉపాసనను ఒక్కనాడును విడువని వాడు. అందువలననే ఆయన చరిత్రము సాధకులకు ఉపకరించును.

జననము, విద్య

గణపతిముని పూర్వాశ్రమనామము అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రి. 1878వ సంవత్సరము నవంబరు 17వ తేదీన బొబ్బిలికి సమీపమున నున్న కలువరాయి గ్రామమున జన్మించెను. తండ్రి నరసింహశాస్త్రి, తల్లి నరసమాంబ. ఆ వంశము వారు మంత్రశాస్త్రమందును జ్యోతిషమందును వైద్యమందును పరిచయము కలవారు. కుమారుడు జన్మించిన సమయమున తండ్రి కాశిలో డుంఠి గణపతి సన్నిధిని జపము చేయుచుండెననియు, ఆ విగ్రహము నుండి ఒక శిశువు వెలువడి తనలో ప్రవేశించినట్లు ఆయనకు తోచెననియు, అందుచేతనే బాలునకు గణపతి యను పేరు పెట్టబడెననియు చరిత్రకారులు చెప్పుదురు. తల్లి అరసవల్లి సూర్యనారాయణమూర్తిని సేవించిన ఫలముగా ఈ బాలుడు కలిగెనను ప్రసిద్ధియు కలదు.

భవిష్యత్తున ఆశుకవియై సభలను జయింపనున్న ఈ బాలునకు అయిదారేండ్ల వఱకు మాట రాలేదందురు. పలుకు వచ్చిన పిదప మాత్రము విద్య త్వరితగతిని సాగెను. పినతండ్రి ప్రకాశశాస్త్రి వద్ద కావ్యములును జ్యోతిషమును అభ్యసించెను. పదునాలుగేండ్ల ప్రాయమునకే పాండవధార్తరాష్ట్రసంభవము అను కావ్యమును, పదునెనిమిదేండ్లకు మేఘదూతపు మార్గమున భృంగసందేశమును రచించెను. బాల్యముననే విశాలాక్షితో వివాహమయ్యెను. ఆమెయు మంత్రోపాసనయందు ఆసక్తి కలది. భర్త తపస్సునకు ఆమె అడ్డు కాలేదు సరికదా, తరువాతి కాలమున సహధర్మచారిణి యను మాటకు పూర్తి అర్థము కల్పించినది.

భారతరామాయణములలోని ఋషుల చరిత్రలను చదువుచున్న కొలది తానును తపస్సు చేసి వారివలె శక్తి సంపాదింపవలెనను సంకల్పము ఈ యువకుని మనస్సున నాటుకొనెను. విశ్వామిత్రాదులు తపస్సు చేతనే లోకమును మార్చగలిగిరి గదా, పరాధీనమై దీనదశలో నున్న భారతదేశమును కూడ తపశ్శక్తి చేతనే ఉద్ధరింపవచ్చును గదా యని ఆయన తలపోసెను. ఇది కేవలస్వార్థము కాదు, కాని కామ్యమే. ఫలము తనకు కాక దేశమునకు కోరినంతమాత్రమున కర్మ కామ్యము కాకపోదు.

క్షేత్రాటనము, నవద్వీపసభ

పదునెనిమిదవ యేట ఇల్లు విడిచి పుణ్యక్షేత్రములలో జపము చేయ నారంభించెను. కొన్ని మాసములు తపస్సు, మరల గృహము, మరల ప్రయాణము, ఇట్లు కాలము గడచెను. కాశి, ప్రయాగ, నాసిక మున్నగు స్థలములు ఆయన పాదచారముచే పావనములయ్యెననుటకంటె, ఆ స్థలములు ఆయనను పక్వపఱచెననుట సమంజసము. భువనేశ్వరమున జపము చేయుచుండగా లలితాంబిక దర్శనమిచ్చి తన నోట తేనె పోసినట్లు ఆయనకు అనుభవమాయెను. తన కవిత్వమునకు మాధుర్యము అప్పటినుండియే కలిగినదని ఆయన విశ్వసించెను.

1900వ సంవత్సరము జూన్ మాసమున వంగదేశమందలి నవద్వీపమున పండితపరిషత్తు జరిగెను. నవద్వీపము నవ్యన్యాయమునకు పుట్టినిల్లు. అచ్చట పరదేశపు యువకుడు మన్నన పొందుట సులభమైన పని కాదు. కాశీపండితుడును ప్రసిద్ధ కవియు నగు అంబికాదత్తుడు పరీక్షకుడై యుండెను. సమస్యాపూరణములందును ఆశుకవిత్వమందును శాస్త్రప్రసంగమందును గణపతిశాస్త్రి చూపిన ప్రతిభకు సభవారు మెచ్చి కావ్యకంఠ బిరుదము నొసగిరి. అప్పటికి ఆయనకు ఇరువదిరెండేండ్లు నిండలేదు. పండితుడు కోరదగిన గౌరవము ఆ వయస్సుననే లభించినది. కాని తాను కోరినది పాండిత్యఫలము కాదు, తపఃఫలము. అది మాత్రము ఇంకను దూరముననే యుండెను.

అరుణాచలము

1903లో గణపతిశాస్త్రి దక్షిణదేశమునకు వచ్చి అరుణాచలక్షేత్రమున శివపంచాక్షరీజపము చేసెను. శివుని గూర్చి హరసహస్రమను వేయి శ్లోకముల స్తోత్రమును ఆ కాలముననే రచించెను. కొండమీద మౌనముగా నుండు ఒక యువతపస్విని అప్పుడే చూచెను గాని, ఆయన వలన తాను పొందవలసినది కలదని గ్రహింపలేదు. తరువాత 1904లో వెల్లూరునకు పోయి అచ్చటి ఉన్నత పాఠశాలలో ఆంధ్రపండితుడుగా పనిచేసెను. విద్యార్థులను కూడగట్టి వారికి మంత్రోపదేశము చేసి, దేశక్షేమమునకై జపము చేయించెను. ఒక్కని తపస్సు చాలకున్న పలువురి తపస్సు ఫలించునేమో యని ఆయన ఆశ.

ఆశ ఫలింపలేదు. 1907 నాటికి ఉద్యోగమును విడిచి మరల అరుణాచలము చేరెను. అప్పటికి పదేండ్లకు పైగా జపము జరిగినది. జపసంఖ్య కోట్లకు చేరినది. వేదము తెలియును, ఆగమము తెలియును, మంత్రముల ఛందస్సు, ఋషి, దేవత, న్యాసము అన్నియు తెలియును. కామ్యకర్మకు కావలసిన అంగములలో లోపించినది ఏదో ఆయనకు కనబడలేదు. అంగములన్నియు నుండియు ఫలము లేనిచో రెండే కారణములు ఊహింపవచ్చును: విధి అసత్యము కావలెను, లేదా తాను తపస్సని అనుకొనుచున్నది తపస్సు కాక పోవలెను. వేదమునందు విశ్వాసము కలవాడు మొదటి పక్షము నంగీకరింపడు. అందుచేత రెండవ పక్షమే మిగిలెను.

అది కార్తికమాసము, దీపోత్సవకాలము. నవంబరు 18వ తేదీన, మిట్టమధ్యాహ్నపు టెండలో, ఆయన ఒంటరిగా కొండ నెక్కి విరూపాక్షగుహ చేరెను. బ్రాహ్మణస్వామి యని జనులు పిలుచు తపస్వి బయట అరుగుపై ఒంటరిగా కూర్చుండెను. ఆయన వయస్సు అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. ఆగంతకుని కంటె ఒక యేడు చిన్న. శాస్త్రవిద్యలో ఎట్టి పట్టమును లేనివాడు. కావ్యకంఠుడు ఆయన పాదములపై పడి రెండు చేతులతో వానిని పట్టుకొని తన దుఃఖమును వెల్లడించెను. చదువదగినది చదివితిననియు, జపము తృప్తితీర చేసితిననియు, అయినను తపస్సనగా నేమో తనకు తెలియలేదనియు విన్నవించెను.

పండితసభలలో పరులను ప్రశ్నించిన వాడు ఇట్లు ప్రశ్నించుట సామాన్యమైన విషయము కాదు. తనకు తెలియదని ఒప్పుకొనుట విద్యార్థికి సులభము, ఆచార్యునకు కష్టము. పదేండ్ల జపము ఆయనకు శక్తి నిచ్చెనో లేదో గాని, ఈ ఒప్పుకోలు నిచ్చినది. నిత్యసాధన వలన కలుగు మొదటి ప్రయోజన మిదియే యని చెప్పవచ్చును. ప్రతిదినము తన మనస్సు నెదుట కూర్చుండువాడు ఎన్నడో ఒకనాడు తన లోటును చూడక తప్పదు.

స్వామి సుమారు పావుగంట సేపు ఆయనను మౌనముగా చూచెను. తరువాత తమిళమున మెల్లగా చెప్పిన మాటల తాత్పర్య మిది: నేను అను తలంపు ఎచ్చటినుండి పుట్టుచున్నదో దానిని గమనించినచో మనస్సు అచ్చటనే లీనమగును, అదియే తపస్సు. మంత్రమును జపించునప్పుడు ఆ మంత్రధ్వని ఎచ్చటినుండి పుట్టుచున్నదో దానిని గమనించినచో మనస్సు అచ్చటనే లీనమగును, అదియే తపస్సు.

ఈ ఉపదేశమందలి రెండవ వాక్యము మంత్రశాస్త్రజ్ఞులు జాగ్రత్తగా పరిశీలింపదగినది. స్వామి జపమును మానుమని చెప్పలేదు. మంత్రమును మార్చలేదు. క్రొత్త అంగమును విధింపలేదు. దృష్టిని మాత్రము త్రిప్పెను. వాక్కు పర, పశ్యంతి, మధ్యమ, వైఖరి అను నాలుగు అవస్థలు కలదని ఆగమవేత్తలు చెప్పుదురు. జపము చేయువాడు సామాన్యముగా మధ్యమ నుండి వైఖరికి, అనగా లోపలి నుండి వెలుపలికి ప్రయాణించును. మంత్రము తన నుండి బయలుదేరి దేవతను చేరి ఫలమును తెచ్చునని భావించును. ఈ ఉపదేశము ఆ ప్రయాణమును తలక్రిందులు చేసినది. శబ్దము ఎచ్చటికి పోవుచున్నదను ప్రశ్న పోయి, ఎచ్చటినుండి వచ్చుచున్నదను ప్రశ్న వచ్చినది. నాలుగు అవస్థలను పాఠము చెప్పగల పండితునకు తెలిసియు తెలియనిది ఇదియే.

పరిచారకుడైన పళనిస్వామి వలన స్వామి పూర్వనామము వేంకటరామన్ అని తెలిసికొని గణపతిశాస్త్రి ఆ నామమును రమణ యని సంక్షేపించి, ఆయనను భగవాన్ రమణమహర్షి యని లోకమునకు ప్రకటించెను. నేడు లోకమంతటను ప్రసిద్ధమైన ఆ నామము ఒక ఆంధ్రపండితుని నోట వెలువడినది.

ఉమాసహస్రము

ఆ ఉపదేశము లభించిన కొలది దినములకే, నవంబరు చివరి వారమున, ఆయన ఉమాసహస్రము నారంభించెను. తనకు గురువును చూపిన జగన్మాతకు కృతజ్ఞతగా ఇరువది దినములలో వేయి శ్లోకములు సమర్పింతునని నియమము పూనెను. పది శతకములు, నలుబది స్తబకములు, స్తబకమునకు ఇరువదియైదు శ్లోకములు, పెక్కు వృత్తములు, ఇది ఆ గ్రంథస్వరూపము. నడుమ వ్రేలికి వ్రణము లేచి వ్రాయుట కష్టమయ్యెను. డిసెంబరు మధ్యలో, గడువు ముగియు రాత్రి, మిగిలిన శ్లోకములను మహర్షి సన్నిధిని ఆశువుగా చెప్పుచుండగా శిష్యులు వ్రాసికొనిరి. మహర్షి కన్నులు మూసికొని మౌనముగా కూర్చుండెననియు, ముగిసిన పిమ్మట కన్నులు తెఱచి తాను చెప్పినదంతయు వ్రాయబడినదా యని అడిగెననియు సంప్రదాయము. గణపతిముని ఆ మాటను భక్తితో శిరసావహించెను. ఆశుకవియైన వాడు తన కవిత్వమును మఱియొకరిదిగా ఒప్పుకొనుట లోకమున అరుదు.

అంతటితో ఆగక, తరువాతి సంవత్సరములలో ఆయన ఆ గ్రంథమును పలుమార్లు సంస్కరించెను. ఇరువది దినములలో పుట్టిన కృతిని ఏండ్ల తరబడి దిద్దుకొనుట కూడ ఒక నిత్యసాధనయే.

1908లో మద్రాసు సమీపమందలి తిరువొత్తియూరున గణపతి ఆలయములో మౌనవ్రతముతో తపస్సు చేయుచుండగా, దేహబాధ కలిగి మహర్షి సాన్నిధ్యమునకై పరితపించెననియు, మహర్షి వచ్చి శిరస్సుపై చేయి యుంచినట్లు అనుభవమాయెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఇట్టి అనుభవములను తర్కముచే సాధించుటయు ఖండించుటయు వ్యర్థము. గమనింపదగిన దేమనగా, ఉపదేశము లభించిన పిదప ఆయన జపము తగ్గలేదు, పెరిగినది.

రమణగీతలోని ప్రశ్న

1913 నుండి 1917 వఱకు శిష్యులును తానును అడిగిన ప్రశ్నలకు మహర్షి యొసగిన సమాధానములను గణపతిముని పదునెనిమిది అధ్యాయములుగా, మూడువందల శ్లోకములలో కూర్చెను. అదియే రమణగీత. ఆ గ్రంథపు మొదటి అధ్యాయము ఉపాసనాప్రాధాన్యమును నిరూపించునది. ఆరంభముననే బ్రహ్మమీమాంసను గాని దేహతత్త్వమును గాని విచారింపక ఉపాసనను గూర్చి విచారించుట యాదృచ్ఛికము కాదు. అందలి ప్రశ్నలు 1913 డిసెంబరున గణపతిముని స్వయముగా అడిగినవి. శాస్త్రచర్చ మాత్రముననే జిజ్ఞాసువునకు సిద్ధి కలుగునా, లేక గురూపదేశానుసారము ఉపాసన కూడ కావలెనా యని అందొక ప్రశ్న. చర్చ మాత్రము చాలదనియు, ఉపాసన లేక సిద్ధి లేదనియు మహర్షి అభిప్రాయము.

మఱియొక ప్రశ్న మఱింత ముఖ్యమైనది. ఏదో ఒక కోరికతో యోగాభ్యాసము చేయువాడు నడుమ స్థితప్రజ్ఞుడైనచో వాని తొలి కోరిక నెఱవేఱునా, లేదా? పైకి ఇది శాస్త్రప్రశ్న వలె కానవచ్చును. నిజమునకు ఇది అడిగిన వాని ఆత్మకథ. దేశోద్ధరణమునకై తపస్సు మొదలుపెట్టిన తాను ఆత్మనిష్ఠలో నిలిచినచో దేశము సంగతి ఏమగును అని ఆయన హృదయము. మహర్షి సమాధానపు తాత్పర్యము: అట్టివాని కోరిక ఫలించినను, దానిచే అతడు పొంగిపోడు. అనగా ఫలము నిరాకరింపబడలేదు, హామీ యీయబడలేదు. ఫలమునకును సాధకునకును నడుమ నున్న బంధము మాత్రము తెగునని చెప్పబడినది.

మీమాంసాశాస్త్రమున సంయోగపృథక్త్వన్యాయము కలదు. ఒకే ద్రవ్యము ఒక వాక్యముచే నిత్యకర్మకును, మఱియొక వాక్యముచే కామ్యఫలమునకును సాధనము కావచ్చును. పెరుగుతో హోమము నిత్యముగా విహితము. ఇంద్రియపాటవము కోరువానికి అదియే పెరుగు ఆ ఫలము నిచ్చును. గణపతిముని జపము కూడ ఇట్టిదే. అదే మంత్రము, అదే ఆసనము. దేశక్షేమమును కోరి చేయునప్పుడు కామ్యము, మూలమును గమనించుచు చేయునప్పుడు నిత్యము. ఆయన శేషజీవితము ఈ రెండు సంయోగముల నడుమ సాగినది.

సాధన ఫలించిన తెఱగు

1917 ప్రాంతమున ఆయన పడైవీడు రేణుకాదేవీక్షేత్రమున విశాలాక్షితో కలసి తపస్సు చేసెను. గోకర్ణవాసియైన శిష్యుడు దైవరాతుడు అచ్చట సమాధిస్థితిలో వేదచ్ఛాయ గల మంత్రములను పలుకగా గణపతిముని వానిని వ్రాసికొని స్వయముగా వ్యాఖ్యానము రచించెను. అదియే ఛందోదర్శనము. శిష్యుడు గురువు గ్రంథమునకు భాష్యము వ్రాయుట సంప్రదాయము. శిష్యుని వాక్కునకు గురువు భాష్యము వ్రాయుట అపూర్వము. నవద్వీపమున బిరుదము గెలుచుకొన్న వానికి ఇంతటి నిరహంకారము పాండిత్యము వలన కలిగినది కాదు.

రమణగీత పదుమూడవ అధ్యాయము స్త్రీలకు సన్న్యాసాధికారము కలదా యని విచారించును. ఆ ప్రశ్నను అడిగించినది విశాలాక్షి. పక్వత కలిగిన స్త్రీకి సన్న్యాసము శాస్త్రనిషిద్ధము కాదనియు, జ్ఞానినియైన స్త్రీ దేహమును దహింపక సమాధి చేయవలెననియు మహర్షి అభిప్రాయపడెను. 1922 మే మాసమున మహర్షి తల్లి అళగమ్మ దేహము చాలించినప్పుడు ఆ అధ్యాయమే ప్రమాణమయ్యెను. ఆమె దేహమును దహింపక సమాధి చేసిరి. ఆ సమాధి చెంతనే నేటి రమణాశ్రమము వెలసినది. ఒక గృహిణి జపాసనముపై కూర్చుండి అడిగిన ప్రశ్న ఆశ్రమచరిత్రను నిర్ణయించినదన్నమాట.

1922లోనే అరుణాచలమున తపస్సు చేయుచుండగా గణపతిమునికి కపాలభేదమను యోగానుభవము కలిగెనని శిష్యులు వ్రాసిరి. ఆ అనుభవము కలిగిన తరువాత ఆయన ఏకాంతమునకు పోలేదు, జనులలోనికి వచ్చెను. 1924లో గాంధీమహాత్ముని అధ్యక్షతను బెళగాములో జరిగిన కాంగ్రెసు మహాసభకు వెళ్ళెను. అస్పృశ్యత శాస్త్రసమ్మతము కాదని శ్రుతిస్మృతులను చూపి వాదించెను. సంప్రదాయపాఠశాలలో పెరిగిన పండితుడు ఆ కాలమున ఇట్లు పలుకుటకు ధైర్యము కావలెను. మంత్రము పుట్టుచోటు అందఱి హృదయములందును ఒక్కటియే యని ప్రతిదినము గమనించువానికి ఆ ధైర్యము కొంత సులభమై యుండవచ్చును.

ఇంద్రాణిని గూర్చి ఆయన రచించిన సప్తశతిలో పదేపదే భారతభూమి రక్షణకై ప్రార్థన వచ్చును. ఏడువందల శ్లోకముల స్తోత్రమున ఆ ప్రార్థనను మఱిమఱి చేసిన వాని సంకల్పము ఎంత బలమైనదో ఊహింపవచ్చును.

1928 ఆగస్టున పుదుచ్చేరి వెళ్ళి శ్రీఅరవిందులను దర్శించెను. ఆయన శిష్యులలో అగ్రగణ్యుడు, తరువాత ఋగ్వేదమునకు సిద్ధాంజనవ్యాఖ్య రచించిన కపాలిశాస్త్రి మఱుసటి సంవత్సరము అచ్చటి ఆశ్రమముననే స్థిరపడెను. గురువునకు ఇది లోటుగా తోచినట్లు కానరాదు. మహర్షి తమిళమున రచించిన ఉళ్ళదు నాఱ్పదును గణపతిముని సద్దర్శనమను పేర సంస్కృతీకరింపగా, దానికి భాష్యము వ్రాసినవాడు ఆ కపాలిశాస్త్రియే.

కడపటి సంవత్సరములు

జీవితాంతమున గణపతిముని అరుణాచలమున లేడు. కన్నడదేశమున గోకర్ణ, శిరసి ప్రాంతములందు కొంతకాలము తపస్సు చేసి, తరువాత వంగదేశమందలి ఖరగపురము చేరెను. గురువుకు దూరముగా నున్నను లేఖలు వ్రాయుచు, మహర్షి వాక్కులను సంస్కృతీకరించుచు, జపమును యథావిధిగా సాగించెను. 1936 జూలై 25వ తేదీన ఖరగపురమున దేహము చాలించెను. ఆ వార్త అరుణాచలమునకు చేరినప్పుడు మహర్షి కంఠము గద్గదమాయెననియు, అట్టివాడు మరల ఎచ్చట లభించునని వగచెననియు ఆశ్రమవాసులు చెప్పుదురు.

ఆశ్రమవాసుల స్మృతులలో మఱి రెండు విషయములు ప్రసిద్ధములు. ముందునకు పోవుట తనకు సులభముగాని వెనుకకు మరలుట అసాధ్యముగా నున్నదని గణపతిముని చెప్పుచుండెడివాడట. వాక్కు వెలుపలికి ప్రవహించు మార్గమున ఆయనకు అసాధ్యము లేదు. మూలమునకు మరలుటయే కష్టము. ఎంత దూరము పోయినను పోవువాడు తానే గదా, వెనుకకు మరలుట యెక్కడిది యని మహర్షి సమాధానము. ఇక రెండవది. గణపతిముని ముక్తుడాయెనా యని ఒకరు అడుగగా, ఆయన సంకల్పములు మిక్కిలి బలవత్తరములు గదా, అది ఎట్లు సాధ్యమని మహర్షి పలికెనట.

ఈ రెండవ మాటను ఆయన భక్తులు కొందఱు మఱుగుపఱచుదురు, కొందఱు వేఱుగా అన్వయింతురు. మఱుగుపఱుప నక్కఱలేదు. అంతటి ప్రేమ గల గురువు అంతటి సత్యమును పలికెనన్న, శిష్యుడు సత్యమునకు తగినవాడనియే అర్థము. అది గణపతిముని సాధనను తక్కువ చేయదు. దేశమును ఉద్ధరింపవలెనను సంకల్పమును విడిచినచో ఆయనకు శాంతి త్వరగా లభించియుండెడిదేమో. ఆయన విడువలేదు. విడువలేని దానిని విడిచినట్లు నటింపలేదు. సంకల్పముతోడనే ప్రతిదినము ఆసనముపై కూర్చుండెను.

ఆయన కోరిన స్వాతంత్ర్యము ఆయన దేహము చాలించిన పదునొకండేండ్లకు, 1947లో వచ్చినది. దానిని ఒకని జపఫలమనుట సాహసము. ఆయన జీవించియుండగా కోరినది చూడలేదనుట మాత్రము నిశ్చయము. కామ్యకర్మగా లెక్కించినచో ఆ తపస్సు ఆయన కన్నులయెదుట ఫలింపలేదు.

నిత్యకర్మగా లెక్కించినచో సంగతి వేఱు. మాట రాని బాలుడు కావ్యకంఠుడయ్యెను, కావ్యకంఠుడు తనకు తెలియదని తనకంటె చిన్నవాని పాదములు పట్టుకొనగలిగెను, తన కవిత్వమును గురువునకు, తన వ్యాఖ్యానమును శిష్యునకు సమర్పింపగలిగెను, భార్య ప్రశ్నను శాస్త్రమున కెక్కించెను, అస్పృశ్యత నెదిరించెను. వీనిలో ఒక్కటియు ఆయన సంకల్పమున కోరినది కాదు. అన్నియు కోరకయే లభించినవి. నిత్యకర్మకు వేఱు ఫలము లేదని మీమాంసకులును, చిత్తశుద్ధియే ఫలమని వేదాంతులును చెప్పుదురు. ఈ రెండు మతములకును విరోధము లేదని గణపతిముని చరిత్రము చూపుచున్నది. చిత్తశుద్ధి కోరినవానికి వేఱుగా చేతికి వచ్చు వస్తువు కాదు. అది పరులకు కనబడును గాని తనకు కనబడదు.

ఆయన రచించిన రమణచత్వారింశత్తు నేటికిని రమణాశ్రమమున ప్రతిదినము ఉదయము పఠింపబడుచున్నది. పఠించువారిలో తెలుగెఱుగనివారు, సంస్కృతమెఱుగనివారు కూడ కలరు. వారు కోరునది ఏదియైనను, ఆ నలుబది శ్లోకములు మాత్రము ప్రతి ఉదయమును సాగుచునే యున్నవి.